మా కాలేజీ పూల ప్రొఫెసర్

నా మెనోపాజ్ క్లినిక్‌కు వచ్చిన మొట్టమొదటి పేషెంటు మగవాడు. మే నెల ఎండలో తలకూ చెవులకూ కలిపి మఫ్లర్ చుట్టుకుని వచ్చాడు.

చేవెళ్లకూ మొయినాబాద్‌కూ మధ్యనున్న ఒక మెడికల్ కాలేజీలో నేను గైనకాలజీ ప్రొఫెసర్‌ని. కాన్పులకు వార్డు ఉంది, పిల్లలు కానివాళ్లకు ఓపీ ఉంది, ముట్లుడిగే వయసు ఆడవాళ్లకు మాత్రం ఏమీ లేదు. వారానికి ఒక్క పూట వాళ్లకోసం విడిగా ఓపీ పెట్టనివ్వండని రెండేళ్లు వెంటపడితే, చివరికి కాన్పుల వార్డు పక్కన పాత పరుపులు పేర్చిపెట్టే గది ఇచ్చారు. గది ఇచ్చారు గానీ పరుపులు తీయలేదు. ప్రతి గురువారం పొద్దున నేను, ఇద్దరు విద్యార్థులు, గోడవారన నా ఎత్తున పరుపులు. తలుపు మీద పెద్ద బోర్డు పెట్టించాను. మూడు వారాలు ఎవరూ రాలేదు. బోర్డు అర్థంకానివాళ్లు మామూలుగా నడిచి వెళ్లిపోయేవారు. అర్థమైనవాళ్లు ఇంకాస్త వేగంగా నడిచి వెళ్లిపోయేవారు.

నాలుగో గురువారం ఈ మఫ్లరాయన తలుపు తోసుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పక్క ఊరు చిన్న మంగళారంలో రైతు. యాభై అయిదేళ్లుంటాయి.

"ఇది ఆడవాళ్ల ఓపీ" అన్నాను.

"తెలుసు మేడం. నేను జలుబు డాక్టర్ కాడికే పోయిన. ఆయన్నే మీ కాడికి పొమ్మన్నడు."

"ఎందుకు?"

"నాకు నాలుగు నెలల సంది జలుబు పోత లేదు. ఎందుకు పోత లేదంటే మా ఇంట్ల ఫ్యాన్ బంద్ కాదు. మాఘమాసం చలిల గూడ మా ఇంటామె ఫ్యాన్ అయిదు మీద పెట్టింది. నేను లేచి తగ్గిస్త, ఆమె లేచి పెంచుతది. ఏమన్నంటే, ఒళ్లు మండుతున్నదంటది. ఆ మాట చెప్తే జలుబు డాక్టర్ నవ్వి, జబ్బు నీకు కాదయ్యా, మీ ఇంటామెకు అన్నడు."

"మరి ఆమెను తీసుకురావాల్సింది."

ఆయన వెనక్కి తిరిగి తలుపు మూసి ఉందో లేదో చూసుకున్నాడు. "నేను రమ్మంటే రాదు మేడం. ఇప్పుడు ఆమెతోని ఎవ్వరం మాట్లాడుత లేము. మందేదన్న ఉంటే నా చేతికియ్యుండ్రి. చాయ్‌ల కలిపి ఇస్త."

చాయ్‌లో కలిపే మందు లేదని చెప్పాను. అయితే ఆయన ముఖం చూస్తే జాలేసింది. దానికితోడు మూడు వారాలుగా పేషెంట్లు లేని డాక్టరుని. అందుకే నా వృత్తిజీవితంలో చెప్పుకోదగని ఒక పని చేశాను. చీటీ మీద, 'మీ భర్తగారి జలుబు ముదిరింది. భార్య స్వయంగా వచ్చి మాట్లాడితేగాని వైద్యం మొదలుపెట్టలేము' అని రాసి సంతకం పెట్టి, గుండ్రటి ముద్ర కూడా వేసి ఇచ్చాను.

ఆ తర్వాతి గురువారం తొమ్మిదింటికల్లా ఆమె వచ్చింది. ఎత్తయిన మనిషి, వేళ్లకు పసుపురంగు పూలమరక. వాళ్లకు రెండెకరాల చామంతి తోట ఉందని, పూలు తెల్లవారకముందే గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపి ఇటు వచ్చానని చెప్పి, "మా ఆయనకేమైంది? బతుకుతడా?" అని అడిగింది.

"బతుకుతాడు. ముందు మా పిల్లలు నిన్ను కొన్ని విషయాలు అడుగుతారు, జర చెప్పు" అన్నాను.

ఆ రోజు నా దగ్గరున్న ఇద్దరూ చివరి ఏడాది విద్యార్థులు. అబ్బాయిది భీమవరం. అమ్మాయి హైదరాబాద్‌లో పుట్టి పెరిగింది. తెలుగు కన్నా ఇంగ్లీషూ హిందీ ఎక్కువ. పేషెంటును ప్రశ్నలడిగి కేస్ షీట్ రాయడం వాళ్ల పని. మధ్యలో కలగజేసుకోకుండా వినడం నా పని. నేను పరుపుల వెనక చేరి, ఏదో రాసుకుంటున్నట్టు నటించాను.

అబ్బాయి గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మీకు వేడి ఆవిర్లు వస్తున్నాయా అండీ?"

"ఏమొస్తున్నయి?"

"ఆవిర్లండీ. వేడి ఆవిర్లు."

"నేనేమన్న ఇడ్లీ గిన్నెనా బిడ్డా, ఆవిర్లొచ్చెటందుకు?"

అబ్బాయి 'లేవు' అని రాసుకున్నాడు. నిద్ర పడుతోందా అని అడిగితే, పొద్దున మూడింటికి లేచేదానికి నిద్రెక్కడిది అంది. అదీ రాసుకున్నాడు. ఆ తర్వాత అడగాల్సింది దాంపత్యం గురించి. అబ్బాయి పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు, చివరికి కాగితం అమ్మాయి వైపు జరిపాడు.

అమ్మాయి ధైర్యం తెచ్చుకుంది. "ఆంటీ, మీరూ అంకులూ... అంటే... కలుస్తుంటారా?"

"కలువకెట్ల? పొద్దుగాల తోటకాడ కలుస్తం. పగటీలి అన్నం తినేటప్పుడు కలుస్తం."

అమ్మాయి రాసుకుంది. నేను పరుపుల వెనకనుంచి వచ్చి కేస్ షీట్ తీసుకుని చూస్తే, ఆ గడిలో చక్కటి చేతిరాతతో 'రోజుకు రెండుసార్లు' అని ఉంది.

నేను ఆ కాగితాన్ని ఆమెకు చదివి వినిపించి ఉండకూడదు. వినిపించాను. ఒక్క క్షణం ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక పైట చెంగు నోటికడ్డం పెట్టుకుని ఎంత నవ్విందంటే, కాన్పుల వార్డులోంచి నర్సు ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది. అబ్బాయి నేలచూపులు చూశాడు. అమ్మాయి ముఖం కందిపోయింది.

"మరి గట్లడిగితే గిట్లనే చెప్త" అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. "ఒళ్లు మండుతున్నదా అని అడుగుండ్రి, మండుతున్నదంట. కడుపుల పొయ్యి అంటువెట్టినట్టు కిందికెల్లి మీదికి లేస్తది. చెమటలు పడ్తయి, మళ్ల చలిపెడ్తది. గాబరా అయితది. ఎవలన్న పలకరిస్తే కొట్టబుద్ధయితది. ముట్టు బందై ఏడాదైంది."

తర్వాత నా వైపు తిరిగింది. నవ్వు లేదు. "ఈ ముచ్చట్లన్ని ఎందుకు మేడం. సంచి తీసెయ్యుండ్రి. పీడ పోతది."

"గర్భసంచి తీయమని ఎవరు చెప్పారు?"

"ఒకలు చెప్పుడేంది. మా తోడికోడలు తీపిచ్చుకున్నది. మా ఆడబిడ్డ తీపిచ్చుకున్నది. మా వాడల సంచి ఉన్నదాన్ని నేనొక్కదాన్నే."

ఆ మాట దగ్గర నా అల్లరి ఆగిపోయింది. దానికి కారణం ఉంది.

చదువు ముగించుకుని, ఒక చిన్న నర్సింగ్ హోంలో చేరిన కొత్తలో నా చెయ్యి చాలా చురుకైనదని పేరు. ముప్పయి అయిదేళ్లకే తెల్లబట్ట అనో, నడుంనొప్పి అనో వచ్చి, సంచి తీసెయ్యమని అడిగేవాళ్లు. పిల్లలు పుట్టారు గదా, ఇంకెందుకు అనేవాళ్లు. ఇంటివాళ్లూ అదే మాట, మా పెద్ద డాక్టరుగారూ అదే మాట. నేను తీసేదాన్ని. చాలాసార్లు దాంతోపాటు అండాశయాలు కూడా. ఆపరేషన్ బాగా జరిగితే పని బాగా జరిగినట్టే అనుకునేదాన్ని. అలా నేను ఆపరేషన్ చేసిన ఒకామె అయిదేళ్లకు మళ్లీ వచ్చింది. నలభై నిండలేదు. గడప తగిలి పడితే మణికట్టు విరిగిందట. ఆపరేషన్ అయిన నెల నుంచీ ఒళ్లంతా మంటలు, ఎముకల్లో నొప్పులు. నన్ను గుర్తుపట్టి, కోపం లేకుండా, "సంచి తీస్తే అన్నీ పోతయన్నవు గదమ్మా. అన్నీ పోయినయి. నిద్ర గూడ పోయింది" అంది.

ఆ ఏడాదే నేను ఈ విషయం కూర్చుని చదవడం మొదలుపెట్టాను. బోధనలోకి వచ్చిందీ అందుకే. నాలాంటి చురుకైన చేతులు ఇంకా తయారవుతున్నాయి గదా, వాటిని కాస్త ఆపాలని.

పూలతోట ఆమెకు ఇదంతా చెప్పలేదు. బొమ్మ గీసి, సంచి ఎక్కడుంటుందో, మంట ఎక్కడినుంచి వస్తుందో చూపించాను. మంట పుట్టేది సంచిలో కాదని, అండాశయాలు పని మానేస్తున్నందుకని, దాన్ని తీసినా మంట పోదని చెప్పాను. ఆమె బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. "మరి ఈ ముక్క మా తోడికోడలికి ఎవ్వలు చెప్పకపోయిరి" అంది.

బీపీ, షుగరు, స్కానింగు, రొమ్ము పరీక్ష అన్నీ చేశాం. హార్మోన్లు అందరికీ పడే మందు కాదు. ఆమెకు పడుతుందని తేలాక తక్కువ మోతాదులో హార్మోన్ మాత్రలు మొదలుపెట్టి, నెలనెలా రమ్మన్నాను. వేసవి పోయి వానలు పడేసరికి ఆమెకు నిద్ర పట్టింది. మఫ్లరాయన మఫ్లర్ తీసేశాడు. చిన్న మంగళారం నుంచి, చిల్కూరు నుంచి ఆడవాళ్లు ఆటోల్లో ముగ్గురూ నలుగురూ కలిసి రావడం మొదలుపెట్టారు. అందర్నీ పంపింది ఆమే. ఊళ్లో ఆమె వార్డు మెంబరని నాకు అప్పుడే తెలిసింది. గెలిచిన కొత్తలో మీటింగులకు భర్త వెళ్లి ఆమె కుర్చీలో కూర్చునేవాడట. ఒళ్లు మండిన ఏడాది ఒకరోజు కోపమాగక ఆమే వెళ్లి ఆయన్ని లేపి కూర్చుందట.

"మీ గోలీలతోని కోపం తగ్గింది మేడం. కుర్చీ మాత్రం ఇయ్యలే" అంది.

ఆ మాట విన్న రోజే నాకొక ఆలోచన వచ్చింది. నేను ఏళ్ల తరబడి పాఠం చెప్పినా నా విద్యార్థులకు 'వేడి ఆవిర్లు' తప్ప వేరే మాట రాలేదు. ఈమె ఒక్క పూటలో వాళ్లకు ఇడ్లీగిన్నె గుర్తుండిపోయేలా చేసింది. గురువారాలు ఓ గంట వచ్చి మా పిల్లలకు ఎట్ల అడగాలో నేర్పుతావా అని అడిగాను.

"నేను ఆరో తరగతి మేడం."

"వాళ్లకు ఆరో తరగతిలో ఉన్న తెలివి ఇప్పుడు లేదు. అదే నేర్పాలి."

వచ్చింది. చేతిలో పూలసంచి, దారపు ఉండ. పరుపులన్నీ కింద పరిపించి పిల్లల్ని వాటిమీద కూర్చోబెట్టింది. ఎప్పుడో తీసేయాల్సిన పరుపులు అలా పనికొచ్చాయి. తాను మధ్యలో కూర్చుని దండ గుచ్చుతూ పేషెంటు వేషం కట్టేది. ముందు తోట గురించి అడగాలి, పిల్లల గురించి అడగాలి, జబ్బు సంగతి తర్వాత. కాగితం మీద కళ్లు పెట్టి అడిగితే జవాబిచ్చేది కాదు. అన్నిటికన్నా గట్టిగా నేర్పింది ఒకటుంది: "ఒక్క మాట అడిగినంక నోరు మూసుకోవాలె. నేను మూరెడు దండ గుచ్చేదాక తెరవొద్దు. ఆడిది చెప్పాల్నా వద్దా అని సోంచాయించుకునేటందుకు గంత టైం పడ్తది."

మా పిల్లలకు మూరెడు మౌనం ప్రాణాంతకంగా ఉండేది. జానెడు కాకముందే ఎవరో ఒకరు ఇంకో ప్రశ్న వేసేవారు. ఆమె దారం తెంపి, దండ విప్పి, మళ్లీ మొదటినుంచి గుచ్చేది.

మోసాలు కూడా చేసేది. ఒకరోజు చెవిటిదానిలా వచ్చింది. ఇంకోరోజు ఏది అడిగినా, "ఏం లేదు బిడ్డా, మంచిగనే ఉన్న" అని నవ్వుతూ చెప్పి వెళ్లిపోయింది. పిల్లలు సంతోషంగా 'బాధలేమీ లేవు' అని రాశారు. ఆమె బయట నాతో, "బతుకమ్మ పూల గిరాకికి మూడు రోజులసంది కంటిమీద కునుకు లేదు. కండ్ల కింద నల్లగైనయి. ఒక్కలన్న ముఖం చూసిన్రా?" అంది. నేను లోపలికి వెళ్లి ఆ మాట చెప్పాను. ఆ తర్వాత రెండు వారాలు మా విద్యార్థులు కనపడిన ప్రతివాళ్ల కళ్ల కిందా చూస్తూ తిరిగారు. ప్రిన్సిపల్‌గారికి నిద్ర చాలడంలేదని కూడా కనిపెట్టారు. వాళ్లే ఆమెకు 'పూల ప్రొఫెసర్' అని పేరు పెట్టారు.

కార్తీకంలో ఆమె, "గదిల ఎంత నేర్చినా గింతే. తోటకు తీసుకరాండ్రి" అంది. అలా ఒక మధ్యాహ్నం ఆరుగురు విద్యార్థులతో చిన్న మంగళారం వెళ్లాను. భీమవరం అబ్బాయీ హైదరాబాద్ అమ్మాయీ వాళ్లలో ఉన్నారు.

ఆమె తోటకు ఒకవైపు మక్కచేను, రెండోవైపు ఎవరిదో ఫాంహౌజ్ గోడ. గోడ అవతల ఈతకొలను ఉందని నీలిరంగు జారుడుబల్ల తల చూస్తే తెలుస్తుంది. చామంతి సాళ్లలో ఎనిమిదిమంది ఆడవాళ్లు పూలు కోస్తున్నారు. దూరంనుంచి వాళ్ల నవ్వులు వినిపించాయి. తెల్లకోట్లు కనపడగానే ఆ నవ్వులు ఆగిపోయాయి.

"ఆ కోట్లు ఇప్పి బోరు షెడ్ల పెట్టుండ్రి. తలా ఒక బుట్ట పట్టుండ్రి" అని పిల్లలకు చెప్పింది. నా వైపు చూసి, "మీరు గూడ మేడం" అంది.

కోశాం. అరగంట వరకూ పూల గురించే మాట. హైదరాబాద్ అమ్మాయి కాడలేకుండా తల తుంచేస్తుంటే పక్కనున్న ముసలామె ఆమె చెయ్యి పట్టుకుని ఎట్ల తుంచాలో చూపించింది. ఆ చెయ్యి పట్టుకోవడంతో గట్టు తెగింది.

"అవ్వా, మీకు ముట్టు ఆగినప్పుడు ఎట్ల ఉండె?" అని అమ్మాయి అడిగింది. అడిగి ఊరుకుంది. గుప్పెడు పూలు కోసింది. ఇంకో గుప్పెడు కోసింది.

"ఎట్లుంటది?" అంది ముసలామె చివరికి. "మా అత్తకు చెప్తే, ఇగ నువ్వు మొగోనివైనవు, నాగలి పట్టు అన్నది. పట్టిన."

సాళ్లన్నీ నవ్వాయి. తర్వాత ఒకరి మాట మీద ఒకరు. ఒకామె, రాత్రంతా మేలుకొని ఇంట్లోని గిన్నెలన్నీ తోమేస్తానంది. ఇంకొకామె, కొడుకు కొండకల్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనికి కుదిరితే సంతోషించాల్సిన రోజున ఎందుకో తెలియకుండా గంటసేపు ఏడ్చానంది. ఎర్రచీర ఆమె గోడవైపు చూపిస్తూ, "ఒళ్లు మండినప్పుడల్లా ఆ గోడ దుంకి నీళ్లల్ల పడబుద్ధయితది" అంది.

"బుద్ధయితదంటున్నది. దుంకింది" అంది పక్కామె.

"ఎప్పుడు దుంకిన?"

"మొన్న చైత్రంల. చీరతోనే నీళ్లల్ల. వాచ్‌మెన్ మీ మరిదే గదా, గేటు తీసింది వాడే గదా."

"ఆనాడు ఓనర్లు లేకుండె" అంది ఎర్రచీర ఆమె, పూలు కోయడం ఆపకుండా. "మంచిగుండె నీళ్లు."

భీమవరం అబ్బాయి నవ్వాపుకోలేక సాలులో కూలబడ్డాడు. నేనూ నవ్వుతున్నాను. ఆ నవ్వులోనే నాకు మొదలైంది. కడుపులోంచి సెగ లేచి, మెడ మీదుగా, చెంపలమీదుగా నెత్తికెక్కింది. కనుబొమల మీంచి చెమట కారి కళ్లజోడు మసకబారింది. బుట్ట కిందపెట్టి, పైట చెంగుతో విసురుకున్నాను.

పూల ప్రొఫెసర్ సాలు దాటి వచ్చి నా ఎదురుగా నిలబడింది. "మేడం. ఎన్నొద్దుల సంది?"

"ఏం లేదు. ఎండ."

"కార్తీకంల ఎండనా?"

అందరూ నా వైపు చూశారు. నేను ఏడాదిన్నరగా ఈ సంగతి దాస్తున్నాను. కాలేజీలో ఏసీ పనిచేయడంలేదని మూడు ఫిర్యాదులు రాశాను. క్లాసులో మాట మరిచిపోతే, మీరే చెప్పండి చూద్దాం అని విద్యార్థుల మీదకు తోసేసేదాన్ని. చిన్న తప్పుకు ఒక హౌస్‌సర్జన్ మీద కేకలేసి, బాత్‌రూంలోకి వెళ్లి ముఖం కడుక్కున్న రోజులున్నాయి. ఇందులో సిగ్గుపడటానికేముంది అని వందలమంది ఆడవాళ్లకు చెప్పిన నోటితో, ఆ చామంతి సాలులో నిలబడి, నాకూ అదే అని చెప్పలేకపోయాను. నేను డాక్టరుని. మెనోపాజ్ అనేది నా సబ్జెక్టు. అది నాకు కూడా వస్తుందన్న సంగతి ఎందుకో నేను పరీక్షకు చదవలేదు.

భీమవరం అబ్బాయి లేచి బట్టలు దులుపుకున్నాడు. బోర్ల వేసిన బుట్ట మీద నన్ను కూర్చోమన్నాడు. తను మట్టిలో, నాకన్నా కింద కూర్చున్నాడు. వాడి యాస సగం భీమవరం, సగం చిన్న మంగళారం. "మేడం, జర నీళ్లు తాగండి. ఒళ్లు మండుతుందా?"

"కొద్దిగా."

"ఎన్ని రోజుల సంది?"

"ఈమధ్యనే" అన్నాను.

వాడు మాట్లాడలేదు. కాగితం లేదు, పెన్ను లేదు. నా ముఖం చూస్తూ కూర్చున్నాడు. ఇంకో ప్రశ్న వేస్తాడని ఎదురుచూశాను, వేయలేదు. ఇంతమంది విద్యార్థులకు పాఠం చెప్పిన నేను అంత నిశ్శబ్దం ఎవరికీ ఇచ్చినట్టు గుర్తులేదు. పక్క సాలులో పూలు తుంచుతున్న చప్పుడు వినిపించింది. ఎవరూ మాట్లాడకుండా ఆగినప్పుడు మనిషి ఎందుకు నిజం చెప్పేస్తాడో నాకు అప్పుడు తెలిసింది. ఆ నిశ్శబ్దాన్ని భరించడం కన్నా నిజమే సుఖం.

"ఏడాదిన్నర" అన్నాను. తర్వాత మిగతావన్నీ చెప్పాను. నిద్ర లేకపోవడం, మరుపు, ఉత్తపుణ్యానికి వచ్చే కోపం. హౌస్‌సర్జన్ సంగతి కూడా. వాడు తలూపుతూ విని, గొంతు సవరించుకుని, "ఇంకొక్క విషయం మేడం, ఇంట్లో సార్..." అని మొదలుపెట్టాడు.

"ఆగు బిడ్డా" అంది పూల ప్రొఫెసర్. "అది ఆడిపిల్ల అడుగుతది. నువ్వు ఆ నిండిన బుట్టలు షెడ్ల పెట్టి రా పో."

వాడు బుట్టలెత్తుకుని సంతోషంగా పారిపోయాడు. హైదరాబాద్ అమ్మాయి నా పక్కన కూర్చుని చెవిదగ్గర మెల్లగా, "మేడం, ఆ విషయంలో ఇబ్బందేమన్నా ఉన్నదా? మీకు ఇష్టముంటేనే చెప్పండి" అని అడిగింది. ఎంత చక్కగా అడిగిందంటే, ఆ క్షణంలోనే నేను మనసులో ఆమెకు నూటికి నూరు మార్కులు వేశాను. నేనేం చెప్పానన్నది ఇక్కడ రాయను. రోజుకు రెండుసార్లు అని మాత్రం చెప్పలేదు.

మరుసటి గురువారం చీటీ రాయించుకుని, నా క్లినిక్ ముందు బల్లమీద, చిల్కూరు నుంచి వచ్చిన ఇద్దరి తర్వాత కూర్చున్నాను. లోపల నా కుర్చీలో నా అసిస్టెంట్ ప్రొఫెసర్. ఒకప్పుడు నా విద్యార్థినే. నా దగ్గర రెండుసార్లు తిట్లు తిన్న పిల్ల. బీపీ చూసి, మళ్లీ చూసి, మూడోసారి కూడా చూసింది.

"ఎన్నాళ్లయింది మేడం బీపీ చూపించుకుని?"

"గుర్తు లేదు."

"పేషెంటు ఈ మాటంటే మీరేమంటారు?"

నేనేమంటానో ఇద్దరికీ తెలుసు. ఆమె అదంతా పొల్లుపోకుండా, నా గొంతుతోనే అని కక్ష తీర్చుకుంది. రొమ్ము పరీక్ష, ఎముకల పరీక్ష రాసింది. ముందు బీపీ అదుపులోకి రావాలి, అప్పటిదాకా హార్మోన్ల మాట ఎత్తొద్దంది. సాయంత్రం కాఫీ మానాలి, పొద్దున నడవాలి. బుద్ధిగా తలూపి, రెండు నెలలు చెప్పినట్టే చేశాను. తర్వాత మాత్రలు మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి రాత్రి ఒక్క నిద్రలో తెల్లవారింది. నేను కేకలేసిన హౌస్‌సర్జన్‌ను పిలిచి, ఆ రోజు తప్పు నాదని చెప్పాను. ఆ పిల్ల నమ్మలేక, "ఇంకేమన్నా తప్పు చేశానా మేడం?" అని అడిగింది.

మిగిలింది మా ఇంట్లో చెప్పడం. మా ఆయన జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. ఏడాదిన్నరగా నేను చీటికీమాటికీ కస్సుమంటుంటే, తను ఏదో పెద్ద తప్పు చేశాడని, అదేమిటో అడిగితే ఇంకా పెద్దదవుతుందని అనుకున్నాడట పాపం. అప్పటినుంచి పొద్దున్నే లేచి చాయ్ తానే పెట్టేవాడు. ఆదివారం కూరగాయలు తానే తెచ్చేవాడు. చుట్టాల పెళ్లికి నేను రానంటే, ఎందుకని అడక్కుండా ఒక్కడే వెళ్లి వచ్చేవాడు. నేను అది వయసుతో వచ్చిన మంచితనం అనుకున్నాను.

గురువారం క్లాసు అయ్యాక పూల ప్రొఫెసర్‌తో, "ఈ రాత్రి మా ఆయనకు చెప్పేస్తాను. పాపం, తన తప్పేమీ లేదని తెలియాలి గదా" అన్నాను.

ఆమె దండ గుచ్చడం ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది. "చాయ్ ఎట్ల పెడ్తడు?"

"చక్కెర ఎక్కువేస్తాడు. మరగనివ్వడు."

"అంటే ఇంక చెయ్యి తిరగలే. జర ఆగుండ్రి మేడం. మంచిగ నేర్చినంక చెప్పుండ్రి."

వైద్యురాలిగా ఆ సలహా తప్పని నాకు తెలుసు. నేను రెండు వారాలు ఆగాను. మూడో ఆదివారం పొద్దున, చాయ్ గ్లాసు నా చేతికిచ్చి భయంభయంగా నిలబడ్డ మనిషిని చూసి ఆగలేక, పక్కన కూర్చోబెట్టుకుని మొత్తం చెప్పాను. సాంతం విన్నాడు. చాలాసేపు లెక్కేదో వేసుకుంటున్నట్టు గోడవైపు చూశాడు.

"అంటే నేను ఏమీ చేయలేదా?" అన్నాడు.

"లేదు."

"మరి చుట్టాల పెళ్లికి?"

"దానికి మాత్రం నిజంగానే రాబుద్ధి కాలేదు" అన్నాను.